నోట ఉన్న తెలుగు కంట పడాలంటే

(సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



మన కూడికలలో సాధారణంగా బడుల గురించి మాట్లాడుకొంటాము. తెలుగు బడి మూతపడిందని, ఉన్న బడిలో తెలుగు అయ్యవారు లేరని, వాచకాలు వేళకు అందలేదని చెప్పుకొంటాము. ఇవన్నీ మాట్లాడవలసినవే. 1956లో ఏడవ సవరణతో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో అమ్మనుడిలో చదువు చెప్పే వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని చెబుతున్నది. ఆ మాటను ప్రభుత్వాలకు గుర్తుచేస్తూనే ఉండాలి. అయితే ఈనాడు నేను మాట్లాడబోయేది బడి గురించి కాదు. సాయంత్రం ఇంటికి వచ్చి సంచి దించిన పిల్లవాడు రాత్రి నిద్రపోయే లోపల, మన నాలుగు గోడల మధ్య తెలుగు చదవడం ఎలా నేర్చుకొంటాడు, నేర్చుకొన్న దానిమీద ఇష్టం ఎలా నిలుపుకొంటాడు అన్నదే నా విషయం.

ఎందుకు బడిని పక్కన పెట్టి ఇంటి గురించి మాట్లాడుతున్నానంటే, ఉత్తర్వు రావడానికి ఏళ్లు పడుతుంది. పిల్లవాడికి ఆరేళ్ల వయసు ఒక్కసారే వస్తుంది. తమిళనాడు సంగతే చూడండి. 2006లో అక్కడ తమిళ అధ్యయన చట్టం వచ్చింది. ఆ ఏడు ఒకటవ తరగతిలో చేరిన పిల్లలతో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున పైకి పాకి, 2015-16 నాటికి అది పదవ తరగతిని చేరింది. అప్పటినుంచి తెలుగు, కన్నడ, ఉర్దూ, మలయాళ కుటుంబాలవారు మినహాయింపు కోసం పలుమార్లు న్యాయస్థానాల మెట్లెక్కవలసి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ సంవత్సరపు పరీక్షకు మినహాయింపు ఇచ్చింది. మంచిదే. కాని లెక్క వేయండి. 2006లో ఒకటవ తరగతిలో కూర్చున్న పిల్లలు ఇప్పుడు పాతికేళ్లవారు. నేడో రేపో వారు తల్లులూ తండ్రులూ అవుతారు. ఒడిలో బిడ్డను కూర్చోబెట్టుకొని ఒక తెలుగు కథ చదివి వినిపించాలంటే వారికి అక్షరం రావాలి కదా! మినహాయింపు పత్రం పరీక్ష చిక్కును తీరుస్తుంది. అక్షరం మాత్రం నేర్పదు.

మన ఇళ్లలో అటకమీద ఒక ట్రంకుపెట్టె ఉంటుంది. అందులో తాతగారి ఉత్తరాలు, పంపకాల కాగితాలు, అవ్వ రాసుకొన్న పాటల నోటుపుస్తకం ఉంటాయి. ఇంటిల్లిపాదీ తెలుగే మాట్లాడతారు, ఆ కాగితం విప్పి చదివేవారు మాత్రం ఉండరు. ఇది హోసూరులోనూ ఉంది, సోలాపూరులోనూ ఉంది, బరంపురంలోనూ ఉంది.

బడిలో తెలుగు లేనప్పుడు ఇంట్లో ఎలా వస్తుంది అని కొందరికి అనుమానం. మన చరిత్రలోనే జవాబు ఉంది. తొలితరం తెలుగు కథారచయిత్రులలో ముందు వరుసలో నిలిచే భండారు అచ్చమాంబగారు (1874-1905) బడిలో చదివినవారు కారు. చిన్నవయసులోనే పెళ్లి అయింది. భర్త ఉద్యోగం వల్ల మధ్య పరగణాలలో, చుట్టూ మరాఠీ, హిందీ వినిపించే ఊళ్లలో కాపురం ఉన్నారు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆమె ఇంట ఉండి చదువుకొంటుంటే, ఆ తమ్ముని పక్కన కూర్చొని ఆమె తెలుగు, హిందీ నేర్చుకొన్నారు. ఆ చదువుతోనే 1902లో 'ధనత్రయోదశి' కథ రాశారు, 'అబలా సచ్చరిత్ర రత్నమాల' కూర్చారు. అది పక్కన కూర్చొని నేర్చిన చదువు. ఆ తమ్ముడు నాగపూరులో మరాఠీ చదివి, మరాఠీలో వ్యాసాలు రాసి, తరువాత 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని నిలబెట్టినవారిలో ముఖ్యుడైనాడు. పొరుగు భాష బాగా చదివినందువల్ల ఆయన తెలుగు ఏమీ తరిగిపోలేదు. నిజాం రాజ్యంలో పాలనకు, పై చదువులకు ఉర్దూ రాజ్యమేలుతున్న రోజుల్లో 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వెలసినదీ ఇటువంటి అవసరం నుంచే.

ఇక అసలు సంగతికి వస్తాను. తెలుగు నేర్పాలని పూనుకొన్న ఇంట్లో మొట్టమొదట జరిగేది ఏమిటి? ఒక పెద్దబాలశిక్ష కొంటారు. అ నుంచి క్ష వరకు రోజుకు రెండేసి అక్షరాలు దిద్దిస్తారు. తరువాత గుణింతాలు. ముప్పైఆరు హల్లులకు గుణింతం వేస్తే ఐదువందల దరికి చేరుతుంది. ఆ పైన వత్తులు. పిల్లవాడు పాపం క గుణింతం దగ్గరే నీరసపడతాడు. ఙ, ఞ, ౠ అనే అక్షరాలు అతడు పలకమీద తప్ప ఎక్కడా చూడడు. నాలుగు నెలలకు పుస్తకం అటక ఎక్కుతుంది, ‘మావాడికి తెలుగు అబ్బలేదండీ’ అనే మాట మిగులుతుంది.

మన లిపులకు కాలం పడుతుంది, ఇది పిల్లల తప్పు కాదు. కన్నడం చదివే పిల్లలమీద సోనాలీ నాగ్ చేసి 2007లో ప్రచురించిన పరిశోధనలో, అక్షరాలు పూర్తిగా పట్టుబడటం ఒకటి రెండు తరగతులతో ముగియదని, ప్రాథమిక బడి పై తరగతులదాకా సాగుతుందని తేలింది. అమ్మనుడి కన్నడమై, బడి భాష కూడా కన్నడమైన పిల్లల సంగతే ఇలా ఉంటే, రోజుకు పావుగంట ఇంటిచదువుతో నాలుగు నెలల్లో ముగించాలనుకోవడం న్యాయమా?

మనం మరచిపోతున్నది ఒకటుంది. మన పిల్లలు సున్న నుంచి మొదలుపెట్టడం లేదు. వారి దగ్గర రెండు ఆస్తులు ఉన్నాయి. మొదటిది నోట ఉన్న తెలుగు. ఆరేళ్ల పిల్లకు వేల తెలుగు మాటలు వచ్చు. అలగడానికీ అడగడానికీ, తిట్టుకోవడానికీ అన్నిటికీ తెలుగే. రెండవది బడిలో నేర్చిన చదువు. తమిళమో, కన్నడమో, ఒరియానో, మరాఠీయో చదవగలిగిన పిల్లకు ‘చదవడం’ అనే విద్య పట్టుబడింది. గీతకు శబ్దం ఉంటుందని, శబ్దాలు కలిస్తే మాట అవుతుందని, వాక్యానికి అర్థం ఉంటుందని ఆమె ఎరుగును. ఒక భాషలో సంపాదించిన ఈ విద్య మరొక భాషలోకి నడచి వస్తుందని కెనడా విద్యావేత్త జిమ్ కమిన్స్ 1979లోనే ప్రతిపాదించారు. తెలుగు నేర్పితే బడి భాషలో మార్కులు తగ్గుతాయేమోనని కలత పడే తల్లులకు ఇదే నా జవాబు. ఇవి ఒకే చెరువు నీరు తాగే రెండు చేలు. అందుచేత మన పిల్లకు కావలసింది ఓనమాల నుంచి మరొక చదువు కాదు, తనకు వచ్చిన చదువుకు తెలుగు గీతలు.

అయితే ఆ గీతలు ఎక్కడ చిక్కుపెడతాయో ఒక్కొక్క సీమకు ఒక్కొక్క తీరు. దీనిని కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే అన్ని ఇళ్లకూ ఒకే వాచకం పనికిరాదు.

బళ్లారి, కోలారు, పావగడ వైపు పిల్లలది అందరికంటె సులువైన దారి. కన్నడ లిపి, తెలుగు లిపి ఒకే తల్లి బిడ్డలు. గ, జ, ర, ల, ద, బ వంటి వాటిని ఆ పిల్లలు చెప్పకుండానే పోల్చుకొంటారు. క, త, శ వంటి కొన్నిటిని చూపిస్తే చాలు. వత్తు కింద రాయడం కూడా ఇరుభాషలకూ ఒకటే. ఒకచోట మాత్రం తడబడతారు. ‘కర్మ’, ‘సూర్యుడు’ వంటి మాటలలో ముందు పలికే రకారాన్ని కన్నడంలో అక్షరం తరువాత ఒక గుర్తుగా వేస్తారు. మన పాత అచ్చుపుస్తకాలలో కూడా వలపలగిలక అని అలాంటిదే ఉండేది. నేటి తెలుగులో రకారాన్నే ముందు నిలిపి, తరువాతి అక్షరాన్ని దానికింద వత్తుగా వేస్తాము. ఈ ఒక్క సంగతి ఒక సాయంత్రం కూర్చొని చెబితే సరిపోతుంది. కన్నడం చదివే పిల్లకు కొద్ది వారాలలోనే తెలుగు చదవడం వస్తుంది. అయినా బళ్లారి తెలుగు ఇళ్లలో తెలుగు చదవలేని పిల్లలు ఉన్నారంటే, దానికి కారణం లిపి కాదు, మన ఏమరుపాటు అని నొచ్చుకోకుండా ఒప్పుకోవాలి.

హోసూరు, కృష్ణగిరి, వేలూరు, ఇంకా దక్షిణాన మదురై, కోవిల్‌పట్టి వైపు పిల్లలకు వేరే చిక్కు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. ప, బలకూ ఒకటే, త, దలకూ ఒకటే. మాటలో అది ఉన్న చోటును బట్టి పలుకుతారు. అందుచేత తెలుగులో కంప, గంప వేరువేరుగా రాస్తారంటే మొదట వింతగా ఉంటుంది. కాని ఇక్కడే నోట ఉన్న తెలుగు ఆదుకొంటుంది. మన ఇంటి పిల్ల నోట కంప వేరు, గంప వేరు. పాట వేరు, బాట వేరు. పండు వేరు, బండి వేరు. చెవికి తెలిసిన తేడాకు కంటికి గుర్తు చూపించడమే మన పని. ఇటువంటి జంటమాటలను కాగితంముక్కలమీద రాసి ఆటగా ఆడించండి. తరువాతి మెట్టు వత్తులు. తమిళంలో ‘అమ్మ’ రాయాలంటే మొదటి మకారంమీద చుక్క పెట్టి, పక్కన రెండవ మకారం రాస్తారు. తెలుగులో పక్కన నిలబడవలసినది కిందికి దిగుతుంది, పైగా రూపం మార్చుకొంటుంది.

వత్తుల గురించి ఒక తమాషా చెబుతాను. అక్షరానికీ దాని వత్తుకూ పోలిక తక్కువగా ఉండి పిల్లలను ఏడిపించేవి ముఖ్యంగా ఎనిమిది: క, త, న, మ, య, ర, ల, వ. ఇప్పుడు మన చుట్టాల పేర్లు తలచుకోండి. అక్క, అత్త, అన్న, అమ్మ, అయ్య, చెల్లి, అవ్వ. ఏడు వత్తులు ఇంట్లోనే ఉన్నాయి! మిగిలిన రకారపు వత్తుకు కొట్టంలో గొర్రె, బర్రె ఉన్నాయి. పిల్లవాడి చేత ఇంటిలో అందరి బొమ్మలూ గీయించి, కింద ఆ పేర్లు రాయించండి. ఆ కాగితాన్ని గోడకు అంటించండి. ఏ వాచకమూ ఇంతకంటె తొందరగా ఈ ఎనిమిదింటినీ నేర్పదు. ఎందుకంటే అది చూసే ప్రతిసారీ అక్కడ అమ్మ ఉంటుంది, వత్తు కాదు.

పర్లాకిమిడి, రాయగడ, బరంపురం పిల్లలకు వత్తులు కొత్తకాదు, ఒత్తక్షరాలూ కొత్తకాదు, ఒరియాలో అవి ఉన్నాయి. వారికి చిక్కు ఎ, ఏల మధ్య, ఒ, ఓల మధ్య. ఒరియా లిపిలో హ్రస్వానికీ దీర్ఘానికీ అక్కడ వేరు గుర్తులు లేవు. సిరోంచ, ధర్మాబాదు, దెగ్లూరు, సోలాపూరులలో మరాఠీ చదివే పిల్లలకూ ఇదే చిక్కు. నెల–నేల, మెడ–మేడ, కొన–కోన: ఈ మాటలను బిగ్గరగా పలికించి, ఆ తరువాత రాతలో చూపించాలి. మరాఠీ పిల్లలకు మరొక అలవాటు కూడా ఉంటుంది. మరాఠీలో మాట చివర అకారం రాసినా పలకరు. అందుచేత ‘తల’ను ‘తల్’ అని, ‘పలక’ను ‘పలక్’ అని చదువుతారు. ‘నీ తల్ ఏదిరా, చూపించు’ అంటే తామే నవ్వి దిద్దుకొంటారు. తెలుగు మాట అచ్చుతో ముగియడానికి ఇష్టపడుతుందని అప్పుడు చెప్పవచ్చు.

యానాం మిత్రులు తమ మాట రాలేదని చూస్తున్నారు. 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్నా, నేడు పుదుచ్చేరి పాలనలో ఉన్నా, యానాం చుట్టూ నాలుగువైపులా తెలుగే. అక్కడ పిల్లలకు అక్షరం కొదవ కాదు, చదవాలనే కోరిక కొదవ. దానికి నేను తరువాత చెప్పబోయేది వర్తిస్తుంది.

లిపి ఇలా కుదిరితే, తరువాతి అడ్డంకి మాట. ఇక్కడ చాలా ఇళ్లలో తెలియకుండానే పిల్లల మనసు విరిచేస్తున్నారు. విజయవాడలోనో హైదరాబాదులోనో అచ్చయిన బొమ్మల పుస్తకంలో ‘ఉల్లిపాయ’ అని ఉంటుంది. హోసూరు పిల్ల ఎరిగినది ‘ఎర్రగడ్డ’. పుస్తకంలో ‘బంగాళాదుంప’, ఇంట్లో ‘ఉర్లగడ్డ’. పర్లాకిమిడి వైపు ‘అప్ప’ అంటే అక్క, కన్నడసీమ అంచున అదే మాట తండ్రిని తలపిస్తుంది. పిల్ల తన మాట చెప్పగానే ‘అలా అనకూడదు, మంచి తెలుగు ఇది’ అంటే, తన నోట ఉన్నది చెడ్డ తెలుగని ఆమె అనుకొంటుంది. అప్పటినుంచి పుస్తకం తనది కాదనుకొంటుంది. రెండు మాటలూ రాయండి. ‘మనం ఎర్రగడ్డ అంటాము, గుంటూరు వాళ్లు ఉల్లిపాయ అంటారు’ అని చెప్పండి. ఒక్క వాక్యంతో పిల్లకు ఒక మాటకు రెండు మాటలు దక్కుతాయి.

ఈ సందర్భంలో గిడుగు రామమూర్తి పంతులుగారిని తలచుకోకుండా ఉండలేను. ఆయన వ్యావహారిక భాషోద్యమం అందరికీ తెలుసు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ ఆయన సవర భాష నేర్చుకొని, సవర పిల్లలకు వారి నుడిలోనే వాచకాలు తయారు చేశారు. పిల్లవాడు మాట్లాడే మాట నుంచే చదువు మొదలు కావాలని ఆయన నమ్మిక. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఆయన ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరారు. సరిహద్దు గీత ఇంటిమీదుగా పోవడం ఎలా ఉంటుందో ఆయనకు మనలాగే తెలుసు.

మన యాసలో అచ్చుపుస్తకాలు తక్కువ. అందుచేత మొదటి పుస్తకం ఇంట్లోనే తయారు కావాలి. అవ్వ చెప్పే నక్క కథను అమ్మ విని, అవ్వ మాటలలోనే పది వాక్యాలుగా పెద్ద అక్షరాలతో రాస్తుంది. పిల్ల బొమ్మలు వేస్తుంది. నాలుగు కాగితాలు మడిచి సూదిదారంతో కుడితే పుస్తకం. కథ పిల్లకు ముందే కంఠతా వచ్చు కాబట్టి, వేలు పెట్టి చదువుతుంటే తరువాత రాబోయే మాట ఏదో ఆమె ముందే ఊహిస్తుంది. ‘అది చదవడం కాదు, ఒప్పజెప్పడం’ అని కొట్టిపారేయకండి. తెలిసిన మాటకు గుర్తును వెదకిపట్టుకోవడమే చదువుకు తొలి అడుగు. నోటికి వచ్చిన వేమన పద్యాలు, సుమతీ పద్యాలు ఇందుకే పనికివస్తాయి. పద్యం నోటికి వచ్చిన తరువాత అచ్చులో చూపించండి, ముందు కాదు.

కి. రాజనారాయణన్ గారి పేరు తమిళనాడు వారు విని ఉంటారు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో తెలుగు మాట్లాడే ఇంట పుట్టి, తమిళ సాహిత్యంలో మహా కథకుడైనారు, 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకొన్నారు. తెలుగుసీమ నుంచి వలసవచ్చిన వారి కథను ఆయన ‘గోపల్ల గ్రామం’గా తమిళంలో రాశారు. తమిళానికి అది గొప్ప సంపద, అందుకు మనకు సంతోషమే. అయినా ఆ ఇళ్లలో తెలుగు అక్షరం కూడా నిలిచి ఉంటే ఆ కథ ఏ లిపిలో వచ్చి ఉండేదో అనిపించక మానదు.

ఇక ఇష్టం గురించి. చదవడం వచ్చిన పిల్లలందరూ చదువుతారని అనుకోవడం పొరపాటు. రోజూ చదివేవారు, చదవడంలో ఒక సుఖం రుచి చూసినవారు. ఆ రుచి మొదట చెవి ద్వారా వస్తుంది. పిల్లకు చదవడం వచ్చిన తరువాత కూడా, పదేళ్లు నిండేవరకు, పెద్దవారు గట్టిగా చదివి వినిపించాలి. ‘వచ్చింది కదా, ఇక నువ్వే చదువుకో’ అని పుస్తకం చేతికిచ్చి మనం టీవీ ముందు కూర్చొంటే, చదువు అనేది ఒంటరి శిక్ష అవుతుంది. రోజూ పదిహేను నిమిషాలు చాలు. రాత్రి అన్నం తిన్న తరువాత, ఒకే చోట, పుస్తకం ఇద్దరి మధ్య పెట్టుకొని చదవండి. పుట పిల్ల తిప్పాలి. అదే కథ ఇరవైసార్లు అడిగితే ఇరవైసార్లూ చదవండి. మనకు విసుగు పుడుతుంది గాని, ప్రతిసారీ ఆమె కంటికి మరికొన్ని అక్షరాలు పరిచయమవుతాయి. కథ రసపట్టులో ఉండగా ఆపండి. రేపటి సంగతి పిల్లే చూసుకొంటుంది.

తప్పు చదివితే వెంటనే అడ్డుపడకండి. ‘అవ్వ గంప ఎత్తుకొంది’ అన్నచోట ‘కంప ఎత్తుకొంది’ అని చదివాడనుకోండి, వాక్యం ముగిసేదాకా ఆగండి. అవ్వ నెత్తిమీద ముళ్లకంప ఎందుకు పెట్టుకొంటుందని వాడికే అనుమానం వచ్చి వెనక్కు వెళతాడు. అర్థంతో దిద్దుకొన్న తప్పు మళ్లీ రాదు. ప్రశ్నలు వేసి, అర్థాలు అప్పజెప్పించి, చివర మార్కులు వేసే ఇంటి పరీక్ష మాత్రం వద్దు. దినమంతా బడిలో అదే కదా! చుట్టాలు వచ్చినప్పుడు ‘మావాడు తెలుగు చదువుతాడు, ఏదీ చదువు’ అని నిలబెట్టి చదివించడం కూడా వద్దు.

‘మాకే తెలుగు చదవడం రాదు, మేమేం చదివి వినిపిస్తాము?’ అని ఒక తల్లి అడిగారు. ఈ కూర్చున్నవారిలో సగంమందిది అదే ప్రశ్న అనుకొంటాను. దీనికి సిగ్గుపడవలసిన పని లేదు. మీరు చదివిన బడిలో తెలుగు లేదు, అంతే. మీరు పిల్లతోపాటు నేర్చుకోండి. అచ్చమాంబగారు చేసినది అదే. ఇద్దరూ కలిసి ఒకే పుస్తకంమీద తడుముకొంటుంటే, అమ్మ కూడా తప్పులు చదువుతుందని చూసిన పిల్లకు భయం పోతుంది. ఇంట్లో చదువురాని అవ్వ ఉంటే అది మరీ అదృష్టం. అవ్వకు చదివి వినిపించే పని పిల్లకు అప్పగించండి. పిల్లకు అక్షరం తెలుసు, మాట తెలియదు. అవ్వకు మాట తెలుసు, అక్షరం తెలియదు. ‘కుదురు’ అంటే ఏమిటని పిల్ల అడిగితే అవ్వ లేచి వెళ్లి కుండ కింది కుదురు తెచ్చి చూపిస్తుంది. అలాంటి నిఘంటువు ఏ దుకాణంలోనూ దొరకదు.

చేతిలోని ఫోను గురించి కూడా చెప్పాలి. దానిని తిట్టి లాభం లేదు. మన బంధువులందరూ రోజూ తెలుగులో సందేశాలు పంపుకొంటున్నారు, ఇంగ్లీషు అక్షరాలతో! ఫోనులో తెలుగు మీటల అమరిక పెట్టుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. మేనమామకు పండుగ శుభాకాంక్షలు పిల్ల చేత తెలుగు అక్షరాలలో పంపించండి, జవాబు కూడా తెలుగు అక్షరాలలోనే కావాలని మామకు ముందే చెప్పి ఉంచండి. పాటల వీడియోలు చూసేటప్పుడు కింద సాహిత్యం తెలుగులో వచ్చేవి ఎంచుకోండి. వినే మాటలే తెరమీద అక్షరాలుగా కదులుతుంటే కన్ను తనంతట తానే చదువుతుంది. 1990లలో అహమ్మదాబాదు ఐఐఎంలో బ్రిజ్ కొఠారి ఈ ఊహతోనే పాటలకు అదే భాషలో అక్షరాలు చూపించే ప్రయత్నం మొదలుపెట్టారు.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయని ప్రతిచోటా అడుగుతారు. 1947 జూలైలో పుట్టిన చందమామ అచ్చు ఆగిపోయి పదేళ్లు దాటింది, అయినా పాత సంచికలు చాలా ఇళ్లలో ఉన్నాయి, వెతకండి. అయితే ఆ భాష కొత్తగా చదివే పిల్లకు బరువు, కాబట్టి అది మీరు చదివి వినిపించడానికి. చిన్నపిల్లలకు మంచి పుస్తకం వారు, నేషనల్ బుక్ ట్రస్టు వారు తెచ్చిన బొమ్మల పుస్తకాలు సరిపోతాయి. ప్రథమ్ బుక్స్ వారు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు నాలుగు మెట్లుగా విభజించి ఉన్నాయి, ఉచితంగా ఫోనులో దించుకోవచ్చు. మొదటి మెట్టులో పుటకు ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి. అదే కథ తమిళంలోనూ కన్నడంలోనూ మరాఠీలోనూ దొరకవచ్చు. బడి భాషలో ఒకసారి, ఇంటి భాషలో ఒకసారి చదివించి చూడండి. 2008లో అనంతపురం జిల్లా నుంచి మొదలైన ‘కొత్తపల్లి’ పత్రికలో పిల్లలు చెప్పిన కథలు ఉంటాయి. ఆ సీమ మాట హోసూరు, పావగడ పిల్లలకు చాలా దగ్గర.

ఒక ఇల్లు కొనగలిగినవి నాలుగు పుస్తకాలే కావచ్చు. వీధిలో పది తెలుగు ఇళ్లు ఉంటే అవి నలభై అవుతాయి. ఒక పెట్టెలో వేసి నెలకొక ఇంట్లో ఉంచండి. ఆదివారం ఉదయం పిల్లలు ఆ ఇంటికి వెళ్లి మార్చుకొంటారు. చినిగిపోతే చినిగిపోనివ్వండి. చినగని పుస్తకం ఎవరూ చదవని పుస్తకం.

బయట వరండాలో బల్లమీద కొన్ని పుస్తకాలు ఉంచారు. వెళ్లేటప్పుడు పిల్లలను అక్కడకు తీసుకొని వెళ్లండి. మీరు మాత్రం రెండడుగులు వెనుక నిలబడండి. పుస్తకం వారే ఎంచుకోవాలి. దెయ్యం కథ తీసుకొంటే నీతికథ తీసుకోమని చెప్పకండి.